పింగాణీ పొరకు ఉక్కు పీట

మీ ఇంట్లో అటక మీద పాత ఎనామిల్ పళ్లెం ఏదైనా ఉంటే ఒకసారి దింపి చూడండి. నీలం అంచున్న తెల్లని పళ్లేలు ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉండేవి. దాని మీద ఎక్కడో ఒకచోట తెల్లని పూత పెచ్చు ఊడి, లోపలి ఇనుము నల్లగా కనిపిస్తూ ఉంటుంది. ఆ పూత ఒక రకం గాజు. ఇనుప రేకు మీద గాజుపొడిని కరిగించి అతికిస్తారు. గాజూ ఇనుమూ వేడికి సాగే లెక్క దగ్గర దగ్గరగా ఉంటేనే ఆ పూత నిలుస్తుంది. లేకపోతే కొలిమిలోంచి తీసి చల్లార్చేలోపే పగుళ్లిస్తుంది.

ఇప్పుడు ఈ పళ్లేన్ని కొంచెం మార్చి ఊహించండి. పూత మందం పది, పదిహేను మైక్రాన్లు, అంటే మీ తల వెంట్రుక మందంలో ఏ నాలుగో వంతో, ఐదో వంతో ఉండాలి. కింద ఉన్న ఉక్కు జల్లెడలా నిండా రంధ్రాలతో ఉండాలి. పూతలో మాత్రం సూదిమొనంత చిల్లు కూడా ఉండకూడదు. ఎందుకంటే దానికి ఒక పక్క హైడ్రోజన్, మరో పక్క గాలి ఉంటాయి. ఈ మొత్తాన్ని 600, 700 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో వేల గంటలు ఉంచాలి, మధ్యమధ్య చల్లార్చి మళ్లీ వేడిచేయాలి. జల్లెడ మీద దోసె పోసి, ఆ దోసెకు ఒక్క చిల్లు కూడా పడకూడదన్నట్టుగా ఉంది కదూ! ఘన ఆక్సైడ్ ఇంధన ఘటాల చరిత్రలో చివరి అంకం అచ్చంగా ఇదే. అక్కడికి చేరడానికి శాస్త్రజ్ఞులకు వందేళ్లు పట్టింది.

ఇంధన ఘటం అంటే మీకు తెలిసే ఉంటుంది. ఇంధనాన్ని మండించి, ఆవిరి పుట్టించి, టర్బైను తిప్పే పని లేకుండా, రసాయన శక్తిని నేరుగా విద్యుత్తుగా మార్చే సాధనం అది. బ్రిటన్‌లో విలియం గ్రోవ్ 1839లోనే హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులతో విద్యుత్తు పుట్టించి చూపాడు. 1894లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ ఇంజనీర్ల ముందు మాట్లాడుతూ, బొగ్గు శక్తిలో ఎక్కువ భాగాన్ని ఆవిరి యంత్రం వృథా చేస్తోందని, రాబోయే కాలం విద్యుత్ రసాయన మార్గానిదేనని వాదించాడు. ఆ మాట చాలామందిని ఊరించింది. కాని ఆమ్లం, క్షారం వంటి ద్రవాలను బొగ్గు మురికి చెడగొడుతుంది. ద్రవం బదులు ఘనపదార్థం ఉంటే ఎలా ఉంటుంది? అప్పటికి ఆ ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు. జవాబు మాత్రం ఒక దీపం రూపంలో వచ్చింది.

జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న వాల్టర్ నెర్న్‌స్ట్ 1897లో ఒక కొత్త విద్యుద్దీపానికి పేటెంటు తీసుకున్నాడు. అందులో తీగ లేదు. జిర్కోనియం ఆక్సైడ్‌లో కొంత ఇట్రియం ఆక్సైడ్ కలిపి కాల్చిన సన్నని పుల్ల ఉంది. చల్లగా ఉన్నప్పుడు ఆ పుల్ల విద్యుత్తును పోనివ్వదు. ముందుగా అగ్గిపుల్లతోనో స్పిరిట్ దీపంతోనో దాన్ని వేడిచేయాలి. ఒకసారి ఎర్రబడిందంటే విద్యుత్తు దానంతటదే ప్రవహించి, పుల్ల తెల్లగా వెలుగుతుంది. దీపం వెలిగించడానికి అగ్గిపుల్ల కావలసిన విద్యుద్దీపం! నవ్వొచ్చినా, ఆనాటి కార్బన్ తీగ దీపాలకన్నా అది మంచి వెలుగే ఇచ్చింది. ఏ.ఇ.జి. కంపెనీ ఆ హక్కులు కొని, 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో తన మండపాన్ని వాటితో వెలిగించింది. అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1901లో పిట్స్‌బర్గ్‌లో ఆ దీపాల కోసమే ఒక కంపెనీ పెట్టాడు. పదేళ్లు తిరిగేలోపు టంగ్‌స్టన్ తీగ వచ్చి నెర్న్‌స్ట్ దీపాన్ని మూలకు నెట్టింది. కాని ఆ పుల్లలోని పదార్థం బతికింది.

ఇక్కడొక చిన్న ముచ్చట చెప్పాలి. ఈ జిర్కోనియం మనకు దూరపుది కాదు. 1789లో బెర్లిన్‌లో మార్టిన్ క్లాప్రోత్ ఈ మూలకపు ఆక్సైడ్‌ను మొదటిసారి గుర్తించింది సింహళం నుంచి వచ్చిన రత్నపురాళ్లలో. ఆ ఖనిజం పేరే జిర్కాన్. కేరళ, ఒడిశా తీరాల్లోనూ, మన భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల్లోనూ ఇసుకలో అది ఉంది. హైదరాబాదులోని అణు ఇంధన సముదాయం జిర్కాన్ నుంచే జిర్కోనియం లోహాన్ని తీస్తుంది.

ఆ పుల్లలో విద్యుత్తు ఎలా పారుతుంది? దీన్ని స్పష్టంగా వివరించినవాడు జర్మనీకే చెందిన కార్ల్ వాగ్నర్, 1943లో. జిర్కోనియం అయానుకు నాలుగు ధనావేశాలు, ఇట్రియం అయానుకు మూడు. రెండు జిర్కోనియంల చోట రెండు ఇట్రియంలు కూర్చుంటే ఆవేశాల లెక్క సరిపోవడానికి ఒక ఆక్సిజన్ స్థానం ఖాళీగా మిగలాలి. కిక్కిరిసిన బస్సులో ఒక్క సీటు ఖాళీ అయితే పక్కవాడు అందులోకి జరుగుతాడు, అతని సీటులోకి ఇంకొకడు జరుగుతాడు. అలా ఆక్సిజన్ అయాన్లు ఖాళీల మీదుగా స్ఫటికంలో జరుగుతూ పోతాయి. మీరే లెక్క కట్టి చూడండి. నూరు అణువుల్లో 92 జిర్కోనియం ఆక్సైడ్, 8 ఇట్రియం ఆక్సైడ్ ఉంటే, ప్రతి వంద ఆక్సిజన్ స్థానాల్లో దాదాపు నాలుగు ఖాళీగా ఉంటాయి. వేడి ఎక్కువైతే అయాన్లు చురుగ్గా గెంతుతాయి. అందుకే దీపానికి అగ్గిపుల్ల కావలసివచ్చింది.

వాగ్నర్ వివరణ రాకముందే, 1937లో, స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో ఎమిల్ బావర్, హాన్స్ ప్రైస్ అనే ఇద్దరు నెర్న్‌స్ట్ పదార్థాన్ని విద్యుద్విశ్లేష్యంగా వాడి ఇంధన ఘటం చేశారు. గాలి పక్కనున్న కాథోడ్ దగ్గర ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తీసుకుని అయానుగా మారి పింగాణీ గుండా అవతలికి పోతుంది. ఇంధనం పక్కనున్న ఆనోడ్ దగ్గర హైడ్రోజన్‌తో కలిసి నీటి ఆవిరి అవుతుంది. అక్కడ విడిచిన ఎలక్ట్రాన్లు బయటి తీగలో తిరిగి వస్తాయి. వెయ్యి డిగ్రీల వేడిలో ఘటం పనిచేసింది. కాని పింగాణీ గోడ మందంగా ఉండడంతో నిరోధం ఎక్కువై, వచ్చిన విద్యుత్తు కొద్దిపాటిదే. సూత్రం ఋజువైంది కాని ఘటం వల్ల ప్రయోజనం లేకపోయింది.

తరువాతి కథంతా ఆ గోడ మందం చుట్టూనే తిరుగుతుంది. ఓమ్ నియమం తెలిసిన విద్యార్థికి ఇది కష్టం కాదు. ఒక చదరపు సెంటీమీటరు పొర నిరోధం కావాలంటే మందాన్ని వాహకతతో భాగించాలి. వెయ్యి డిగ్రీల దగ్గర ఇట్రియా కలిపిన జిర్కోనియా వాహకత సెంటీమీటరుకు సుమారు 0.1 సీమెన్స్. పొర మందం 150 మైక్రాన్లు, అంటే 0.015 సెంటీమీటరు, అనుకుంటే నిరోధం 0.15 ఓమ్. అది సర్దుకోదగిన అంకె. కాని ఉష్ణోగ్రత 700 డిగ్రీలకు దించితే వాహకత పదో వంతుకు పడిపోతుంది, నిరోధం పదింతలవుతుంది. మళ్లీ 0.15కి రావాలంటే దారి ఒక్కటే. పొరను కూడా పదో వంతు పలచన చేయాలి, అంటే 15 మైక్రాన్లకు తేవాలి.

కాగితం మీద ఇంతే. కాని 150 మైక్రాన్ల పింగాణీ బిళ్ల తన కాళ్ల మీద తాను నిలబడగలదు, 15 మైక్రాన్లది నిలబడలేదు. అంతవరకు విద్యుద్విశ్లేష్యం రెండు పనులు చేసేది. అయాన్లను దాటించేది, ఘటం బరువంతా మోసేది. పలచబడిన పొర మొదటి పని మాత్రమే చేయగలదు. మరి బరువెవరు మోయాలి?

మొదటి జవాబు మళ్లీ వెస్టింగ్‌హౌస్ నుంచే వచ్చింది. నెర్న్‌స్ట్ దీపాలు అమ్మిన ఆ పేరుతోనే నడుస్తున్న పిట్స్‌బర్గ్ పరిశోధనశాలలో వైస్‌బార్ట్, రూకా 1962లో ప్లాటినం ఎలక్ట్రోడ్లతో జిర్కోనియా ఘటం పనితీరును ప్రచురించారు. 1970ల చివర్లో అక్కడే ఆర్నాల్డ్ ఐజెన్‌బర్గ్ ఒక చిత్రమైన పద్ధతి కనిపెట్టాడు. రంధ్రాలున్న పింగాణీ గొట్టం తీసుకుని, బయట జిర్కోనియం, ఇట్రియం క్లోరైడుల ఆవిరిని, లోపల ఆక్సిజన్, నీటి ఆవిరిని పంపాడు. రెండూ రంధ్రాల్లో కలిసి ఆక్సైడుగా గడ్డకట్టి, రంధ్రాలను మూసేస్తాయి. మూతపడ్డాక చర్య ఆగిపోవాలి కదా? ఆగదు! ఏర్పడిన పొరే ఆక్సిజన్ అయాన్లను దాటించే పదార్థం. లోపలి ఆక్సిజన్ ఆ పొర గుండానే బయటికి వచ్చి క్లోరైడుతో కలుస్తుంది, పొర ఇంకా పెరుగుతుంది. ఎక్కడైనా పలచగా ఉంటే అక్కడ అయాన్లు ఎక్కువ దాటి, ఆ చోటే త్వరగా పూడుతుంది. తన లోపాన్ని తానే సరిదిద్దుకునే పూత ఇది. ఈ చరిత్రలో ఇంతకన్నా అందమైన ఆలోచన నాకు కనిపించలేదు.

అలా 40 మైక్రాన్ల చిల్లులేని పొర వచ్చింది. తరువాత ఆధారపు గొట్టాన్ని కూడా కాథోడ్ పదార్థంతోనే చేశారు. నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌వూర్ట్‌లో 1997 చివర్లో మొదలైన వంద కిలోవాట్ల యంత్రం 16 వేల గంటలకు పైగా నడిచింది. అయినా ఆ పద్ధతికి ఖర్చు చాలా ఎక్కువ. వెస్టింగ్‌హౌస్ విద్యుత్ విభాగాన్ని 1998లో కొన్న సీమెన్స్ చివరికి ఆ పని నుంచి తప్పుకుంది.

రెండో జవాబు, బరువును ఆనోడ్ మీద వేయడం. జర్మనీలోని యూలిష్ పరిశోధనా కేంద్రం, అమెరికాలోని బర్క్‌లీ ప్రయోగశాల మొదలైనవి 1990లలో ఈ దారి పట్టాయి. నికెల్, జిర్కోనియా కలిపిన మందపాటి పలక మీద పది మైక్రాన్ల పొర పూసి, రెండింటినీ కలిపి కాల్చారు. బర్క్‌లీకి చెందిన డిసూజా, విస్కో, డియాంగ్ 1997లో ఇలాంటి ఘటాలు 800 డిగ్రీలకే చక్కగా పనిచేస్తాయని చూపాక ఆ దారి రహదారి అయింది. కోల్‌కతాలోని కేంద్ర గాజు, పింగాణీ పరిశోధన సంస్థ కూడా ఇదే పద్ధతిలో ఘటాలను తయారుచేసింది.

దీనికీ ఒక బలహీనత ఉంది. నడుస్తుండగా ఇంధనం సరఫరా ఆగి గాలి లోపలికి వచ్చిందనుకోండి. నికెల్ మళ్లీ నికెల్ ఆక్సైడ్ అవుతుంది. దాని ఘనపరిమాణం దాదాపు 70 శాతం పెరుగుతుంది. పీటే ఉబ్బితే పైనున్న పొర ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పైగా పలకంతా పెళుసు. త్వరత్వరగా వేడిచేస్తే పగులుతుంది. అందుకే గంటలకొద్దీ నెమ్మదిగా వేడెక్కించాలి. ఒకసారి అంటిస్తే నెలల తరబడి ఆపకూడని యంత్రానికి అది సరిపోతుంది. రోజూ ఆపి, రోజూ వేయవలసిన చోట పనికిరాదు.

మరి ఉక్కు పీట వేస్తే పోదా? మీకు తోచిన ఈ ఆలోచన ఇంజనీర్లకు 1960లలోనే తోచింది. ఉక్కు పెళుసు కాదు, చవక, వెల్డింగ్ చేయవచ్చు, వేడిని సమంగా పరుస్తుంది. రంధ్రాలున్న స్టెయిన్‌లెస్ స్టీలు మీద మంటతో జిర్కోనియాను చిమ్మి పూత వేశారు. పూత పగిలింది.

ఎందుకు పగిలిందో లెక్క వేద్దాం. జిర్కోనియా వ్యాకోచ గుణకం డిగ్రీకి పది లక్షల్లో సుమారు 10.5 వంతులు. వాళ్లు వాడింది ఆస్టెనిటిక్ రకం స్టీలు. నికెల్ కలిసిన మన వంటపాత్రల స్టీలు కూడా ఆ రకమే. దాని గుణకం దాదాపు 18. పది సెంటీమీటర్ల పలక 700 డిగ్రీలు చల్లారితే స్టీలు 1.26 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది, జిర్కోనియా 0.74 మాత్రమే. అర మిల్లీమీటరు తేడా! పింగాణీ అంత సర్దుకోలేదు. ఇంటి స్లాబులో ఇనుప చువ్వలు, కాంక్రీటు ఏళ్ల తరబడి కలిసి ఉండగలగడానికి ఒక కారణం, వాటి వ్యాకోచం దాదాపు ఒకటే కావడం. ఇంధన ఘటానికీ అలాంటి జోడీ కావాలి. క్రోమియం మాత్రమే దండిగా ఉన్న ఫెర్రిటిక్ రకం స్టీలు గుణకం 11, 12 మధ్య ఉంటుంది. తేడా 0.1 మిల్లీమీటరుకు తగ్గిపోతుంది.

అయితే 1960లలో ఆ స్టీలు తీసుకున్నా లాభం ఉండేది కాదు. ఆనాటి ఘటాలు వెయ్యి డిగ్రీల దగ్గర నడిచేవి. ఆ వేడిలో ఏ మామూలు స్టీలూ ఎక్కువకాలం నిలవదు. ఉష్ణోగ్రత తగ్గితేనే ఉక్కు పనికొస్తుంది, పొర పలచబడితేనే ఉష్ణోగ్రత తగ్గుతుంది, మంచి పీట ఉంటేనే పొర పలచబడుతుంది. విత్తు ముందా, చెట్టు ముందా అన్నట్టు ముప్పై ఏళ్లు గడిచాయి. అప్పటివాళ్ల ఆలోచన తప్పు కాదు, దాని చుట్టూ ఉండవలసిన మిగతావి ఇంకా పుట్టలేదు, అంతే.

ఆనోడ్ ఆధారిత ఘటాలు ఉష్ణోగ్రతను 800 డిగ్రీలకు, ఇంకా కిందికి దించాక ఉక్కు మళ్లీ రంగంలోకి వచ్చింది. అప్పుడింకో అడ్డంకి బయటపడింది. జిర్కోనియా పొడి చిల్లులేని పొరగా గట్టిపడాలంటే 1300, 1400 డిగ్రీల కొలిమి కావాలి. గాలిలో అంత వేడిచేస్తే ఉక్కు పెళ్లలు పెళ్లలుగా ఆక్సైడ్ అయిపోతుంది. గాలి లేకుండా హైడ్రోజన్‌లో వేడిచేస్తే ఉక్కు బాగానే ఉంటుంది కాని, కాథోడ్‌కు వాడే ఆక్సైడులు విచ్ఛిన్నమైపోతాయి. ఒకరికి గిట్టినది మరొకరికి గిట్టదు.

దీన్ని ముగ్గురు మూడు రకాలుగా దాటారు. జర్మనీలో స్టుట్‌గార్ట్‌లోని అంతరిక్ష పరిశోధన కేంద్రంవారు అసలు కొలిమే వద్దనుకున్నారు. ప్లాస్మా మంటలో కరిగిన జిర్కోనియా బిందువులను శూన్యగదిలో లోహం మీదికి చిమ్మారు. బర్క్‌లీవారు ఉక్కుపొడిని, జిర్కోనియాను కలిపి హైడ్రోజన్ ఉన్న వాతావరణంలో ఒకేసారి కాల్చి, ఎలక్ట్రోడ్ పదార్థాలను తరువాత లవణ ద్రావణాల రూపంలో రంధ్రాల్లోకి ఇంకించారు. ఇలాంటి ఘటాలను క్యాంపు స్టవ్ మంటలో నేరుగా పెట్టి విద్యుత్తు తీసిన ప్రయోగాన్ని 2018లో ప్రచురించారు. పింగాణీ పలకైతే ఆ మంటకు ఠప్పున పగిలేది.

మూడో దారి లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీది. అక్కడి బ్రయన్ స్టీల్ జిర్కోనియానే పక్కన పెట్టాడు. సీరియం ఆక్సైడ్‌లో కొద్దిగా గడోలినియం కలిపితే, జిర్కోనియా 700 డిగ్రీల దగ్గర చూపే వాహకతను అది 500 డిగ్రీల దగ్గరే చూపుతుంది. తగిన జాగ్రత్తలతో వెయ్యి డిగ్రీల లోపే దాన్ని గట్టిపరచవచ్చు. ఆ వేడికి ఫెర్రిటిక్ స్టీలు తట్టుకుంటుంది. దాని వ్యాకోచం కూడా ఆ స్టీలుకు దగ్గరగానే ఉంటుంది. ఈ పనిలోంచి 2001లో సీరిస్ పవర్ అనే కంపెనీ పుట్టింది. వాళ్లు పలుచని స్టీలు రేకుకు లేజరుతో వేల చిన్న చిల్లులు పొడిచి, వాటి మీద ఆనోడ్‌ను, దానిపైన సీరియా పొరను అచ్చువేసినట్టు పరుస్తారు. ఆ ఘటానికి పెట్టిన పేరు స్టీల్‌సెల్. ఉక్కు కోసం పెట్టారో, ఆచార్యుడి ఇంటిపేరు కలిసొచ్చిందో మీరే ఊహించుకోండి.

సీరియాకూ ఒక దోషముంది. హైడ్రోజన్ తగిలే పక్క, ముఖ్యంగా 600 డిగ్రీలు దాటితే, సీరియం అయాన్లు కొన్ని ఎలక్ట్రాన్లను పుచ్చుకుంటాయి. అప్పుడు పొర అయాన్లతో పాటు ఎలక్ట్రాన్లనూ లోలోపలే దాటిస్తుంది. బయటి తీగలోకి రావలసిన విద్యుత్తు ఇంట్లోనే ఖర్చయిపోతుంది. కాబట్టి సీరియా ఘటాన్ని వీలైనంత తక్కువ వేడిలో నడపాలి, లేదా మధ్యలో అతి పలుచని జిర్కోనియా పొరను అడ్డు పెట్టాలి.

వ్యాపారంలో ఈ కథ ఒకేలా సాగలేదు. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ సీరిస్‌తో కలిసి కొన్నేళ్లు పనిచేసి, 2025 ఫిబ్రవరిలో ఈ ఘటాల పని మానేస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది దక్షిణ కొరియాలో డూసాన్ కంపెనీ అదే పరిజ్ఞానంతో పెద్ద ఎత్తున తయారీ మొదలుపెట్టింది. ఈ ఘటాన్ని తలకిందులుగా నడిపితే, అంటే విద్యుత్తు, నీటి ఆవిరి ఇస్తే, హైడ్రోజన్ తయారవుతుంది. బెంగుళూరులోని షెల్ పరిశోధన కేంద్రంలో సీరిస్ ఘటాలతో పెట్టిన ఒక మెగావాటు స్థాయి ప్రయోగ యంత్రం 2025లో హైడ్రోజన్ ఇచ్చింది.

ఇక ఉక్కుతో తీరని పేచీ ఒకటుంది. ఫెర్రిటిక్ స్టీలు వేడికి నిలవడానికి కారణం, దాని మీద తనంతట తానే ఏర్పడే క్రోమియం ఆక్సైడ్ పొర. అది కవచం. కాని గాలి, తేమ తగిలితే అందులోంచి క్రోమియం ఆవిరి రూపంలో కొద్దికొద్దిగా లేచి, కాథోడ్ మీద చేరి, ఆక్సిజన్ అయాన్లు పుట్టే చోట్లను మూసేస్తుంది. దీన్ని తగ్గించడానికి యూలిష్‌వారు ఒక జర్మన్ ఉక్కు కంపెనీతో కలిసి, 22 శాతం క్రోమియంతోపాటు కొద్దిగా మాంగనీసు, లాంథనం కలిపిన ప్రత్యేక స్టీలు చేశారు. పైన ఏర్పడే మాంగనీసు, క్రోమియం ఆక్సైడ్ క్రోమియాన్ని కొంతవరకు పట్టి ఉంచుతుంది. ఉక్కు పీటను గాలి పక్క కాక ఇంధనం పక్క పెట్టడానికీ ఇదొక కారణం.

అయినా కవచం పెరగడం ఆగదు. జల్లెడలా చిల్లులున్న ఉక్కుకు లోపలి ఉపరితలం ఎక్కువ కాబట్టి అన్ని వైపులా ఆక్సైడ్ చేరుతూనే ఉంటుంది. అది చేరినకొద్దీ ఉక్కులో క్రోమియం తరుగుతుంది. తరిగి ఒక హద్దు దాటిందంటే మామూలు ఇనుములా ఒక్కసారిగా తుప్పు పడుతుంది. ఇంటికో, ఆసుపత్రికో విద్యుత్తు ఇచ్చే యంత్రం 40 వేల గంటలు, అంటే నాలుగున్నరేళ్లు, ఆగకుండా నడవాలని అడుగుతారు. ఆ లెక్కకు ఉక్కు ఎంత మందం ఉండాలి, చిల్లులు ఎంత దూరంగా ఉండాలి, ఉష్ణోగ్రత ఇంకా ఎన్ని డిగ్రీలు దించాలి అన్నవే ప్రయోగశాలల్లో నేటికీ కొలుస్తున్న విషయాలు.